చెకింగక్క పెట్టిన టిక్కు

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. ఫ్లోర్‌లో ఉన్న రెండు వందల మందికీ ఆమె చెకింగక్క. వయసులో పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలుస్తారు. మేనేజరంతటివాడు ఒకసారి నోరుజారి మైకులో "చెకింగక్క ఆఫీసుకు రావాలి" అన్నాడు. పద్దెనిమిదేళ్లుగా ఆ ట్యూబులైట్ల కింద, తెల్ల బల్ల ముందు నిలబడి ఆమె చేసేది ఒకటే పని. చొక్కా చేతికి రాగానే కాలరు మొనలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తుంది. చంకల దగ్గర కుట్టు లాగి చూస్తుంది. గుండీలు మెలిపెడుతుంది. దారపు పోగులుంటే కత్తిరిస్తుంది. బాగుంటే చీటీ మీద నీలం పెన్నుతో ఒక టిక్కు, బాగోకపోతే తప్పున్న చోట ఎర్ర బాణం స్టిక్కరు. ఆమె టిక్కు పడనిదే ఏ చొక్కా ఇస్త్రీ బల్ల ఎక్కదు.

అక్కడ ఇంకో పద్ధతి కూడా ఉంది. అది ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఒక సంసారంలో నిప్పులు పోసింది అదే. కత్తిరించిన గుడ్డముక్కల కొత్త కట్ట మొదలుపెట్టేటప్పుడు మిషను మీది అమ్మాయి ముందు ఒక్కటంటే ఒక్కటే కుడుతుంది. దాన్ని మొదటి పీసు అంటారు. అది పట్టుకుని చెకింగ్ బల్ల దగ్గరికి వస్తుంది. అక్క చూసి టిక్కు పెట్టేదాకా రెండోది ముట్టుకోవటానికి లేదు. అక్క టీకి వెళ్లినా సరే, మిషను ఆపి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవలసిందే. మొదటిదాంట్లో తప్పుంటే అది మిగతా యాభైలోకీ పాకుతుంది కదా. చొక్కాలకు సంబంధించినంత వరకు ఇంతకన్నా తెలివైన పద్ధతి ఎవరూ కనిపెట్టలేదు. ఆ తెలివిని ఇంటికి మోసుకుపోవటమే ఆమె చేసిన పొరపాటు. పోయిపోయి కన్నకూతురి మీద పెట్టింది.

ఆమెను తిట్టిపోయటం తేలికే. కానీ ఎందుకు చేసిందో కూడా వినాలి. ఆమె ఐదో తరగతిలో ఉన్నప్పుడు టీచరు లెక్కల నోట్‌బుక్కులు కుప్పగా తీసుకుని కుప్పగానే తిరిగి ఇచ్చేవాడు. ఒక్కటి తెరిచిన పాపాన పోలేదు. ఆ పిల్ల భాగహారంలో సున్నా దించటం మరిచిపోయేది. ఏడాది పొడుగునా మరిచిపోయింది. ఎవరూ తప్పని అనలేదు కాబట్టి రైటే అనుకుని పేజీలకు పేజీలు నింపింది. పరీక్షలో అన్నీ తప్పులే. టీచరు ఆ కాగితాన్ని క్లాసు ముందు ఎత్తి చూపించి, ఏడాదంతా ఏం వెలగబెట్టావని అడిగాడు. పిల్లలు పగలబడి నవ్వారు. ఆ తర్వాత ఏడో తరగతి దాకా ఎలాగో ఈడ్చుకొచ్చి ఆపేసింది. నాకు చదువు రాదు అని తనంతట తనే తీర్మానం చేసుకుంది. రానిది చదువు కాదమ్మా, ఒక్క సున్నా దించటం అని చెప్పే నాథుడు ఆ చుట్టుపక్కల లేకపోయాడు.

అందుకే పెళ్లయి, పిల్ల పుట్టి, ఆ పిల్ల పలక పట్టిన రోజే ఆమె గట్టిగా అనుకుంది. నా పిల్ల రాసిన ప్రతి వరసా నేను చూస్తాను. చూడకుండా ఒక్క పేజీ కూడా తిరగదు.

పిల్ల పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉంటే తండ్రి గువ్వ అన్నాడు. అదే పేరు నిలిచిపోయింది. ఆయన లారీ డ్రైవరు. నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఇంటికొచ్చిన రోజుల్లో నిద్రపోతాడు, లేచాక అందరినీ నవ్విస్తాడు, మళ్లీ వెళ్లిపోతాడు. కాబట్టి గువ్వ చదువు మొత్తం తల్లి చేతుల్లో పడింది. అది అదృష్టమని ఇంటిల్లిపాదీ అనుకున్నారు.

సాయంత్రం ఆరింటికి ఆమె ఇనప మెట్లెక్కి పై వాటాలోకి వచ్చేది. రెండు గదులు, కిటికీ దగ్గర ఒక మడత బల్ల. కాళ్లు కడుక్కుని, స్టూలు లాక్కుని పిల్ల పక్కన కూర్చునేది.

"ముందు ఒకటి చెయ్. నాకు చూపించు. టిక్కు పెట్టాక రెండోది."

మధ్యలో స్టవ్ మీద పాలు పొంగితే తల్లి లేచి వెళ్లేది. పిల్ల పెన్సిలు పక్కన పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని, తల్లి వచ్చేదాకా కిటికీలోకి చూస్తూ ఉండేది. ఎంత బుద్ధిమంతురాలో అని తల్లికి కడుపు నిండిపోయేది. ఏ పుస్తకం తియ్యాలో తల్లే చెప్పేది. ఎప్పుడు మూయాలో, ఎప్పుడు లేవాలో, ఇక చాలా, ఇంకా చదవాలా అన్నదీ తల్లే చెప్పేది. అలారం గడియారం కూడా తల్లి తల దగ్గరే ఉండేది. పదేళ్లలో ఆ పిల్ల తనంతట తను నిద్రలేచిన పొద్దు ఒక్కటి లేదు.

ఒకసారి తండ్రి మంచం మీద పడుకుని ఇదంతా చూసి నవ్వాడు.

"ఏం మేడమ్, పిల్ల తుమ్మాలన్నా నీ టిక్కు పడాలా?"

"నువ్వు ఊరుకో. నీ లారీ సంగతి నువ్వు చూసుకో."

"నా లారీయే నయం. నేను తోలకపోతే ఊరికే ఆగుతుంది గానీ, నా మొహం వంక చూస్తూ కూర్చోదు."

గువ్వ కిసుక్కున నవ్వింది. నవ్వి, నవ్వచ్చో లేదో అన్నట్టు వెంటనే తల్లి వంక చూసింది. తండ్రి అప్పుడు నవ్వటం ఆపేశాడు. తర్వాత బండెక్కి వెళ్లిపోయాడు, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు.

ఆరో తరగతి దాకా ఆమె నిజంగానే చూసింది. ప్రతి అంకెనూ చూసింది. ఏడులో పుస్తకం వెనక ఇచ్చిన జవాబుతో సరిపోల్చి టిక్కు పెట్టింది. ఎనిమిదిలో అంకెల మధ్యకి అక్షరాలొచ్చి కూర్చున్నాయి. జవాబు వెనక పేజీలో ఉన్నా, మధ్యలో ఉన్న పది వరసలూ ఆమెకు గోడ మీద పగుళ్లలాగే కనిపించేవి. తొమ్మిదిలో రుజువులు వచ్చాయి. వాటికి వెనక జవాబులు కూడా లేవు.

అప్పుడే చెప్పేసి ఉంటే పోయేది. చెప్పలేదు. ఎలా చెబుతుంది? రెండు వందల మంది ఉన్న ఫ్లోర్‌లో ఆమె చూపుకు తిరుగులేదు. ఇంటికొచ్చి కూతురి ముందు నాకు రాదని నోరు తెరవటానికి ప్రాణం ఒప్పలేదు. దానికి తోడు ఇంకో భయం. టిక్కు ఆగితే పిల్ల కూడా ఆగిపోతుందేమోనని.

కాబట్టి టిక్కులు ఆగలేదు. ఎలా పెట్టిందంటారా? పద్దెనిమిదేళ్లు కుట్లు చూసిన కళ్లు అవి. ఏ కుట్టు ధీమాగా పడిందో, ఏది జంకుతూ పడిందో దూరం నుంచే పట్టేసే కళ్లు. ఆ కళ్లతోనే పిల్ల రాత చూసింది. లెక్క వచ్చినప్పుడు గువ్వ రాత నిటారుగా, ఒక్క ఊపులో కిందికి దిగేది. రానప్పుడు అంకెలు చిన్నబోయేవి, వరసలు పక్కకి జరిగేవి, పెన్ను ఆగిన చోట సిరా చుక్క పడేది. నిటారుగా ఉంటే టిక్కు. చుక్క కనిపిస్తే అక్కడ వేలు పెట్టి, "ఇది మళ్లీ చూడు" అనేది. పిల్ల మళ్లీ చూసేది. నిజంగానే తప్పు దొరికేది.

"నీకెలా తెలుస్తుందమ్మా?" అని గువ్వ కళ్లింత చేసుకుని అడిగేది.

"తెలుస్తుంది. నువ్వు చెయ్యి."

అంటే ఏమిటన్నమాట? తనకు లెక్క వచ్చో రాదో ఆ పిల్ల చేతికే తెలుసు. ఆ చేతికి తెలిసిందే తల్లి చదివి, తిరిగి ఆ పిల్లకే చెబుతోంది. మధ్యలో టిక్కు అక్కర్లేనే లేదు. ఇంత చిన్న సంగతి ఆ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

తట్టించాలని లెక్కల సారు ఒకసారి చూశాడు. ఆయన ముప్పయ్యేళ్ల సర్వీసున్న మనిషి. జేబులో ఎప్పుడూ చాక్‌పీసు ముక్కలు, చొక్కా నిండా తెల్ల పొడి. పదో తరగతి మధ్యలో ఆమెను బడికి పిలిపించాడు.

"అమ్మా, మీ పిల్లకు లెక్కలు బాగా వచ్చు. డ్రాఫ్టింగ్ కోర్సుకు, అంటే ఇళ్లకీ మిషన్లకీ ప్లాన్లు గీసే చదువుకు, పంపిస్తే నిలదొక్కుకుంటుంది. ఆ సీటు నేను చూస్తాను, లెక్కల్లో పాసయితే చాలు. కానీ ఒక్కటుంది. క్లాసులో ఒక లెక్క చేసి, నా వంకే చూస్తూ కూర్చుంటుంది. నేను ఊఁ అంటే గానీ రెండోది మొదలుపెట్టదు."

"అవును సార్, నేనే అలా అలవాటు చేశాను" అంది ఆమె. ఆ మాటలో ఎంత గర్వమో.

"బోర్డు పరీక్షలో నేనుండను కదమ్మా" అన్నాడు సారు. ఆమెకు అది ఆయన మంచితనంగా వినిపించింది, అంతే. బడిలో పెట్టిన పరీక్షలన్నిట్లో ఆయనే వరసల మధ్య తిరుగుతూ, గువ్వ బల్ల దగ్గర ఆగి, ఊఁ కానివ్వు, ఊఁ కానివ్వు అంటూ పోయేవాడు. పిల్లకు ఎనభైకి తగ్గేవి కావు.

బోర్డు పరీక్షకు వేరే బడి సెంటరు పడింది. మిగతా సబ్జెక్టులకు భయం లేదు. ఆ జవాబులన్నీ ఇంట్లో రాసి, టిక్కు పడి, బట్టీ పట్టినవే. తల్లి టిక్కు పెట్టిన జవాబును గువ్వ కళ్లు మూసుకుని రాసెయ్యగలదు. లెక్కల పరీక్ష రోజు చెకింగక్క సెలవు పెట్టి గేటు బయట నిలబడింది. బెల్లు కొట్టాక పిల్లలు గుంపుగా వచ్చారు. గువ్వ నెమ్మదిగా, తల దువ్వుకున్నది దువ్వుకున్నట్టే, చివర్లో వచ్చింది.

"ఎలా రాశావే?"

"మొదటి లెక్క బాగా చేశానమ్మా."

"మిగతావి?"

"ఎవరూ చూడలేదు."

ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ అడిగింది. గువ్వ అదే నెమ్మదితో చెప్పింది. మొదటి లెక్క చేసిందట. ఇన్విజిలేటరు రెండు మూడుసార్లు పక్కనుంచే పోయాడట, చూడలేదట. చివరికి తనే కాగితం కొద్దిగా ఎత్తి చూపిస్తే, ఎవరికి చూపిస్తున్నావు, కింద పెట్టు అని కసిరాడట. కింద పెట్టేసిందట. తర్వాత రెండోది మొదలుపెట్టబోతే చెయ్యి కదల్లేదట.

"మూడు గంటలూ ఏం చేశావే గువ్వా?"

"కూర్చున్నాను."

చెకింగక్క గేటు పక్క అరుగు మీద అలాగే కూలబడిపోయింది. తన ఫ్లోర్‌లో మిషన్లు ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకుని, తన కోసం ఎదురుచూసే అమ్మాయిలు గుర్తొచ్చారు. వాళ్లను చూసి ఏనాడూ జాలి కలగలేదు. ఇప్పుడు తన పిల్ల మూడు గంటలపాటు తను రాని గదిలో అలా కూర్చుంది. ఏడుపు రాలేదు. ఏడిస్తే కొంత నయంగా ఉండేది.

లెక్కల్లో నాలుగు మార్కులు వచ్చాయి. తక్కినవన్నీ మంచి మార్కులే. సారు కోప్పడలేదు. నలభై రోజుల్లో సప్లిమెంటరీ ఉంది, సీటు అప్పటిదాకా ఆపిస్తాను, మీరు మాత్రం ఇక ఆ నోట్‌బుక్కు ముట్టుకోవద్దు అన్నాడు. దాన్నొదిలెయ్యండి, పడుతుంది, లేస్తుంది అన్నాడు. చెకింగక్క తల ఊపింది. ఇంటికెళ్లి, ఇక నేను చూడను, నీ అంతట నువ్వే చెయ్ అని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది.

వారం గడిచింది. గువ్వ రోజూ బల్ల ముందు కూర్చునేది. మొదటి లెక్క చేసేది, ఆగిపోయేది. వంటింటి గుమ్మం వంక చూసేది. తల్లి గుమ్మంలోకి రాకుండా గోడకానుకుని నిలబడేది. కాలుగాలిన పిల్లిలా ఆ నాలుగడుగుల వంటింట్లోనే తిరిగేది. ఎనిమిదో రోజు పొద్దున, ఆదివారం, ఇక పట్టలేకపోయింది.

ఆమె ఉద్దేశం మంచిదే, అది మాత్రం ఒప్పుకోవాలి. నా టిక్కులో ఏమీ లేదు, ఉన్నదంతా నీలోనే ఉంది అని చెబితే పిల్లకు ధైర్యమొస్తుందనుకుంది. వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"గువ్వా, నీకొక మాట చెప్పాలి. నాకు లెక్కలు రావు."

"నీకు కష్టమని తెలుసులే అమ్మా."

"కష్టం కాదే. అసలు రావు. ఎనిమిదో తరగతి నుంచీ ఒక్కటి కూడా అర్థం కాలేదు."

గువ్వ పెన్ను మూత పెట్టింది. "మరి టిక్కులు?"

"ఊరికే పెట్టాను."

ఆ ఊరికే అన్న మాట నోట్లోంచి వస్తుండగానే తప్పు మాట పడిందని ఆమెకు తెలిసింది. వెనక్కి తీసుకోవటానికి లేదు. గబగబా మిగతాది చెప్పబోయింది. నీ చెయ్యి చూసి పెట్టేదాన్నే, నీకొస్తే రాత నిటారుగా దిగుతుంది, రాకపోతే చుక్క పడుతుంది, అంతా నీకే తెలుసు, నేను చేసిందేమీ లేదు అంది. పిల్ల వింటున్నట్టే ఉంది గానీ చెవికెక్కటం లేదు. లేచి, అటక కింద పెట్టెలోంచి పాత నోట్‌బుక్కులు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒకటి తెరిచింది.

"ఇదీ ఊరికేనా?"

"అది రైటే అయ్యుంటుందే."

"అయ్యుంటుందా?" ఇంకో పేజీ తిప్పింది. "ఇదీ?"

"గువ్వా, నా మాట విను."

"ఇదీ?"

పేజీ మీద పేజీ తిరుగుతూనే ఉంది. ప్రతి పేజీ చివరా నీలం టిక్కు, ఎంత బాగా పెట్టిందో, ఎక్కడా చెయ్యి వణకలేదు. పిల్ల గొంతు పెరగలేదు. కోపం కూడా లేదు. అదే ఆమెను చంపింది. మూడు నోట్‌బుక్కులు అయ్యాక గువ్వ అన్నిటినీ మూసేసి సర్దింది.

"అంటే ఇన్నేళ్లూ నాకు వచ్చో రాదో ఎవరికీ తెలీదన్నమాట" అంది.

మర్నాటి నుంచీ గువ్వ మారిపోయింది. పొద్దున్నే తనే లేచేది. తల్లి అలారం మోగేసరికి కిటికీ దగ్గర కూర్చుని ఉండేది. గుమ్మం వంక చూడటం మానేసింది. పెన్ను ఆగకుండా నడిచేది. మధ్యమధ్యలో స్కేలు కాగితం మీద జరిగిన చప్పుడు వినిపించేది. బొమ్మలు గీస్తోంది కాబోలు, రేఖాగణితం చేస్తోంది అనుకుంది తల్లి. వెళ్లి చూడాలని ఎన్నిసార్లు కాలు లేచిందో. మాటిచ్చాను కదా అని పళ్ల బిగువున ఆపుకుంది. పదేళ్లు అక్కర్లేని చోటల్లా చూసిన మనిషి, చూడాల్సిన ఆ నెల రోజులూ చూడలేదు.

భర్తకు ఫోన్ చేసి చెప్పింది. "నీ కూతురు తనంతట తనే లేస్తోంది తెలుసా?"

"ఏమైందే, జ్వరమేమన్నా వచ్చిందా?" అన్నాడు ఆయన. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నెలలో ఆమె నవ్విన నవ్వు అదొక్కటే.

సప్లిమెంటరీ రోజు మళ్లీ గేటు దగ్గర నిలబడింది. బెల్లు కొట్టాక గువ్వ వచ్చింది.

"అన్నీ చేశావా?"

"అన్నీ చేశాను."

ఆమె గుండె మీది నుంచి కొండ దిగింది. ఇంకేమీ అడగలేదు. అడిగితే ఎక్కడ దిష్టి తగులుతుందోనన్నట్టు దారంతా నోరు మూసుకుని నడిచింది. మర్నాడు ఫ్లోర్‌లో ఒక్క చొక్కాకు కూడా ఎర్ర బాణం అంటించబుద్ధి కాలేదు. వంకర కాలరు పెట్టిన అమ్మాయిని కూడా పోనీలే, విప్పి మళ్లీ కుట్టు అని మెల్లగా అంది. అక్కకు ఒంట్లో బాగోలేదేమోనని అమ్మాయిలు గుసగుసలాడుకున్నారు.

ఫలితాలొచ్చాయి. రెండు మార్కులు.

ఆమె నమ్మలేదు. ఎక్కడో పొరపాటు జరిగిందంది. నెంబరు తారుమారై ఉంటుందంది. లెక్కల సారు వెంటపడి జవాబు పత్రం నకలు కోసం అర్జీ పెట్టించింది. ఈలోగా డ్రాఫ్టింగ్ కోర్సు జాబితా వచ్చేసింది, అందులో గువ్వ లేదు. ఆ సంగతి గువ్వకు చెబితే "సరే" అంది. తర్వాత ఆ ఇంట్లో చదువు మాట రాలేదు. ఆ పిల్ల పొద్దున లేచేది, బట్టలుతికేది, గిన్నెలు తోమేది, తోమిన గిన్నెలు మళ్లీ తోమేది.

నకలు బడికి వచ్చిందని కబురొస్తే చెకింగక్క మధ్యాహ్నం పూట ఫ్యాక్టరీ నుంచి అటే వెళ్లింది. స్టాఫ్ రూములో సారు ఒక్కడే ఉన్నాడు. కవరు చింపి, కాగితాలు బల్ల మీద పరిచాడు.

పేజీల నిండా లెక్కలు ఉన్నాయి. ఒకటో లెక్క, రెండో లెక్క, అలా చివరిదాకా అన్నీ చేసింది. చేసిన ప్రతి లెక్కనూ స్కేలు పెట్టి, ఈ మూల నుంచి ఆ మూలకి రెండు గీతలు గీసి కొట్టేసింది. ఎంత నీటుగా కొట్టేసిందో. చివర్న ఇచ్చిన ఒక్క మాటలో జవాబు రాసే ప్రశ్నల్లో రెండు మాత్రం కొట్టెయ్యటం మరిచిపోయినట్టుంది. ఆ రెండు మార్కులు వాటివే.

సారు కళ్లజోడు పెట్టుకుని మొదటి లెక్క మీద పెన్సిలు పెట్టాడు. పెదాలు కదుపుతూ కిందికి దిగాడు.

"ఇది రైటమ్మా."

రెండోదానికి వెళ్లాడు. "ఇదీ రైటే." మూడోదాని దగ్గర ఆగి, మళ్లీ పైకి వెళ్లి వచ్చాడు. "ఇది నేను చెప్పిన పద్ధతి కాదు. తనే కనిపెట్టి చేసింది. రైటే." ఇలా చివరిదాకా పోయాడు. ఒక్కచోటా పొరపాటు లేదు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కళ్లజోడు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. తుడిచినకొద్దీ దానికి చాక్‌పీసు పొడి అంటుకుంది.

"మరి మార్కులు సార్?"

"కొట్టేసినదానికి వెయ్యరమ్మా. చూడను కూడా చూడరు."

చెకింగక్క ఆ కాగితాలను తన వైపు తిప్పుకుని చూసింది. అంకెలు ఆమెకు అర్థం కాలేదు. రాత మాత్రం అర్థమైంది. నిటారుగా, ఒక్క ఊపులో దిగిన రాత. ఎక్కడా చుక్క లేదు. ఆ చేతికి అన్నీ తెలుసు. తెలిసిన చేతే స్కేలు తీసుకుని అన్నిటినీ కొట్టేసింది. నా పిల్ల నన్ను నమ్మింది, నేను ఊరికే అన్నాను, ఇక దేన్ని నమ్ముతుంది అనుకుంది. అప్పుడు ఏడ్చింది. సారు లేచి వెళ్లి కిటికీ మూసి వచ్చాడు.

వచ్చే మార్చిలో మళ్లీ రాయించండి, ఇంకా బోలెడు వయసుంది అన్నాడు. సొరుగులోంచి దరఖాస్తు ఫారం తీసి ఇచ్చాడు. ఆమె కళ్లు తుడుచుకుని లేవబోయి మళ్లీ కూర్చుంది.

"సార్, దీని మీద మీరొక ముక్క రాసివ్వండి. అన్నీ రైటే అని. సంతకం పెట్టి ఇవ్వండి. నేను చెబితే అది నమ్మదు."

సారు మొదటి పేజీ పైన ఎర్ర సిరాతో రాశాడు. అన్నీ సరైనవే, చాలా బాగా చేశావు అని రాసి, కింద సంతకం పెట్టాడు. ఆమె ఆ కాగితాలు మడవకుండా రెండు చేతుల్తో పట్టుకుని ఇంటికి నడిచింది. ఆ దారంతా ఏం చెప్పాలో, ఏ మాట ముందు, ఏ మాట వెనక అని కూడబలుక్కుంది. ఈసారి ఒక్క మాట కూడా తప్పు పడకూడదు.

గువ్వ బాల్కనీలో ఆరేసిన బట్టలు తీసి మడత పెడుతోంది.

"గువ్వా, నీ కాగితం వచ్చింది. సారు మొత్తం చూశాడు. అన్నీ రైటేనే. నువ్వు కొట్టేసినవన్నీ రైటే."

గువ్వ చేతిలో ఉన్న తువ్వాలు మడతపెట్టి పక్కన పెట్టింది. కాగితం తీసుకుని ఎర్ర సిరా రాత చదివింది. పెదాలు కొంచెం కదిలాయి. ఒక్క క్షణం ఆ మొహంలోకి ఏదో వచ్చింది.

"సారు ఆయనంతట ఆయనే రాశాడా? నువ్వు అడిగితే రాశాడా?"

చెకింగక్క నోరు తెరిచింది. ఆయనే రాశాడని చెప్పటానికి అర క్షణం చాలు. కానీ ఇక ఈ పిల్లతో ఒక్క అబద్ధం కూడా చెప్పకూడదని వచ్చే దారిలోనే అనుకుంది.

"నేనే అడిగాను. కానీ చూశాకే రాశాడు, నా ఎదురుగానే చూశాడు, ఒట్టు."

"ఆయన చూస్తుంటే నీకు అర్థమైందా?"

"లేదు."

గువ్వ తల ఊపింది. కాగితాన్ని జాగ్రత్తగా తల్లి చేతిలో పెట్టింది. దాని కింద ఉన్న దరఖాస్తు ఫారాన్ని కూడా చూసి, అది కూడా దానితోనే కలిపి ఇచ్చేసింది. తల్లి చెంప మీద నీళ్లుంటే చేత్తోనే తుడిచింది, చిన్నపిల్లను ఊరుకోబెట్టినట్టు.

"నా కోసం ఇలాంటివి చెప్పకమ్మా" అంది. "ఇంక చాలు."

తీగ మీద ఇంకా బట్టలున్నాయి. గువ్వ వెళ్లి ఒక్కొక్కటే తీస్తోంది. చెకింగక్క కాగితాలు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నిజమే చెబుతున్నానే అని అనాలనుకుంది. ఆ మాట తన నోటి నుంచి వస్తే ఆ పిల్లకు ఎలా వినిపిస్తుందో తెలిసి, అనకుండా నిలబడింది.